కారులో మాడు వాసనా? ఇంజను దించే ముందు ప్యాకింగు చూడండి

వంటింట్లో మాడు వాసన వస్తే అలవాటైన ముక్కుకు చూడకుండానే తెలిసిపోతుంది. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయా, అన్నం అడుగంటిందా, పోపు మాడిందా అన్నది వసారాలో కూర్చునే చెప్పేస్తారు. కారు ఇంజను విషయంలో మాత్రం చాలామందికి అన్ని వాసనలూ ఒక్కటే. ఏదో మాడుతోందని కంగారుపడి షెడ్డుకు తీసుకువెళ్లడం, అక్కడ ‘ఇంజను దించాలి’ అనగానే తల ఊపేయడం, టమోటా అమ్మిన డబ్బు అక్కడే కరిగిపోవడం చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో కొత్త సంగతి కాదు. దీనికన్నా ప్రమాదకరమైనది మరొకటుంది. రోజూ వాసన వస్తున్నా ‘పాత బండి గదా, అలాగే ఉంటుంది’ అని నడిపేయడం.

కారు ఇప్పుడు పల్లెకు వింత వస్తువు కాదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ కూడా ఆ ఏడాదే నిలిచిపోయింది. అయినా ఆ కార్లు ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. వాటి తరువాత వచ్చినవి పట్నంలో పది పన్నెండేళ్లు తిరిగి, రెండు మూడు చేతులు మారి పల్లెకు చేరుతున్నాయి. ఆ వయసులో ఇంజను లోపలి ఇనుము చాలా వరకు బాగానే ఉంటుంది. ముసలితనం ముందు వచ్చేది రబ్బరుకు. ప్యాకింగులు, సీళ్లు, గొట్టాలు, బెల్టులు, తీగల మీది తొడుగులు ఒక్కొక్కటే గట్టిపడి పగులుతాయి. పాత కారులో వచ్చే మాడు వాసనల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే.

వాసన ఎప్పుడు వస్తోంది?

మంచి మెకానిక్కు బానెట్టు ఎత్తకముందే అడిగే ప్రశ్న ఇది. ఎక్కడి నుంచి వస్తోందన్నది తరువాత. ఎప్పుడు వస్తోందో చెప్పగలిగితే సగం పని అయినట్లే.

రోడ్డు మీద పరుగెత్తుతున్నంత సేపూ ఏమీ లేకుండా, రైల్వే గేటు దగ్గరో సంత దగ్గరో ఆగగానే వాసన లోపలికి వస్తే అది చాలావరకు ఇంజను ఆయిలు. పరుగులో ఉన్నప్పుడు గాలి ఆ పొగను కిందికి, వెనక్కి ఈడ్చుకుపోతుంది. ఆగినప్పుడు అది పైకి లేచి, ముందు అద్దం కింద ఉండే గాలి రంధ్రాల గుండా లోపలికి వస్తుంది. కొండ ఎక్కేటప్పుడు మాత్రమే వస్తే క్లచ్చి. దిగేటప్పుడు వస్తే బ్రేకు. లైట్లు వేసినప్పుడు వస్తే వైరింగు. ఎ.సి. వేయగానే కీచుమన్న శబ్దంతో పాటు రబ్బరు కాలిన వాసన వస్తే బెల్టు. ఆయిలు మార్పించిన మరునాడు వాసన వస్తే కంగారు అక్కర్లేదు. ఫిల్టరు విప్పినప్పుడు ఒలికిన ఆయిలు వేడి భాగాల మీద కాలుతుంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మూడో రోజు కూడా వస్తుంటే ఫిల్టరు సరిగా బిగించలేదేమో, కింద డ్రెయిన్ బోల్టు వాషరు కారుతోందేమో చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఆయిలు కారడమే కనుక దాన్ని వివరంగా చెప్పుకోవాలి.

మూత కింద రబ్బరు

ఇంజను నెత్తిన ఒక మూత ఉంటుంది. షెడ్డులో దాన్ని టాపెట్ కవరు అంటారు. దాని కింద వాల్వులు ఆడుతుంటాయి, వాటి మీద ఆయిలు చిమ్ముతూ ఉంటుంది. ఆ ఆయిలు బయటికి రాకుండా మూతకూ హెడ్డుకూ మధ్య ఒక ప్యాకింగు ఉంటుంది. పాత అంబాసిడర్లలో అది కార్కుది, ఇప్పటి కార్లలో రబ్బరుది. ఏళ్ల తరబడి వేడికి ఉడికి ఉడికి ఆ రబ్బరు ప్లాస్టిక్కు ముక్కలా గట్టిపడుతుంది. అప్పుడు ఆయిలు చుక్క చుక్కగా అంచు వెంబడి దిగుతుంది. పొగను సైలెన్సరులోకి పంపే ఇనుప మేనిఫోల్డు సాధారణంగా ఆ పక్కనే, కింది వైపున ఉంటుంది. బండి బరువుగా నడిచినప్పుడు దాని వేడి నాలుగైదు వందల డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది. దాని మీద పడిన చుక్క ఊరికే ఉంటుందా? పెనం మీద నూనె చుక్కలా పొగ లేస్తుంది. ఆ వాసనే లోపలికి వచ్చేది.

చుక్క చుక్క కారితే పోయే ఆయిలు ఎక్కువేమీ కాదు. అలాగని ఊరుకోవడం తెలివైన పని కాదు. కారిన ఆయిలుకు మట్టి, దుమ్ము, ఎండు గడ్డిపోచలు అంటుకుని మేనిఫోల్డు చుట్టూ మడ్డి పేరుకుంటుంది. ఏ రోజో పెద్ద ఎండలో, పెద్ద బరువుతో కొండ ఎక్కుతున్నప్పుడు అంటుకోవడానికి అది సిద్ధంగా ఉన్న వత్తి.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రాత్రి కారును చదునైన చోట నిలిపి, ఇంజను కింద పాత దినపత్రిక పరచాలి. తెల్లారి చూస్తే మరక కనబడుతుంది. గోధుమ రంగుగానో నల్లగానో జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిలు. ఎర్రగా పలుచగా ఉంటే చాలా కార్లలో అది పవరు స్టీరింగు ఆయిలు. పచ్చగానో గులాబీ రంగుగానో ఉండి నీళ్లలా ఉంటే రేడియేటరు కూలెంటు. ఉత్త నీళ్లయితే ఎ.సి. వదిలినవి, వాటితో భయం లేదు.

అయితే మరక పడిన చోట కారుతోందనుకుంటే పొరపాటు. ఆయిలు పైనుంచి కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. కింద చాంబరు తడిసి ఉంటే చాంబరు ప్యాకింగు మార్చేసి, వారం తిరక్కుండా మళ్లీ అదే తడి చూసినవాళ్లు ఎందరో. అన్నిటికన్నా పైన ఎక్కడ తడి మొదలైందో అదే అసలు చోటు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో శుభ్రంగా తుడిచి, అనుమానం ఉన్న అంచుల మీద ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లాలి. కదులుతున్న బెల్టుల జోలికి పోకుండా పది పదిహేను నిమిషాలు ఇంజను నడిపి ఆపితే, తెల్లటి పౌడరు మీద ఆయిలు దారి గీత గీసినట్లు కనబడుతుంది. అనుభవం ఉన్న మెకానిక్కులకు తెలిసిన ఉపాయమే ఇది. యజమాని కూడా చేసి చూసుకోవచ్చు.

ప్యాకింగు మార్చడం గంటా గంటన్నర పని. చిన్న కార్లకు దాని ధర వందల్లోనే ఉంటుంది. కాని మార్చడంలో మూడు సంగతులు గమనించాలి. పాత రబ్బరు తునకలు గీకి, రెండు అంచులనూ పొడిగా తుడవాలి. గ్యాస్కెటు పేస్టు ధారాళంగా పూయకూడదు. లోపలికి పిండుకుపోయిన పేస్టు తెగి చాంబరులో పడి, ఆయిలు పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది. అప్పుడు ఇంజనుకు ఆయిలు అందక నిజంగానే దించాల్సి వస్తుంది. ఇక బోల్టులు మధ్య నుంచి అంచులకు, ఎదురెదురుగా, రెండు మూడు దఫాలుగా బిగించాలి. చిన్న పానాతో చేతి బలం చాలు. పానాకు గొట్టం తొడిగి బలం చూపిస్తే అల్యూమినియం హెడ్డులో మరలు ఊడి వస్తాయి.

కొత్త ప్యాకింగు వేసినా నెల తిరిగేసరికి మళ్లీ కారుతోందా? అప్పుడు తప్పు ప్యాకింగుది కాకపోవచ్చు. ఇంజను లోపల పుట్టే ఆవిరి బయటపడటానికి ఒక వాల్వు, దానికో గొట్టం ఉంటాయి. అవి మడ్డితో పూడిపోతే లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిలును నెడుతుంది. గంజి వార్చకుండా మూత బిగించిన గిన్నె లాంటిది. ఆ గొట్టం శుభ్రం చేసి, అవసరమైతే వాల్వు మార్చకపోతే ఎన్ని ప్యాకింగులు వేసినా దండగ. ఇంజనులో ఆయిలు గీత దాటి ఎక్కువ పోసినా సీళ్ల మీద భారం పడుతుంది. గేజి పుల్ల మీద కింది గీతకూ పై గీతకూ మధ్య చాలా కార్లలో సుమారు లీటరు తేడా ఉంటుంది. పొద్దున్నే, చదునైన నేల మీద చూస్తేనే సరైన లెక్క తెలుస్తుంది.

మరి ఇంజను దించవలసిన జబ్బు ఎలా ఉంటుంది? అప్పుడు పొగ బానెట్టు కింద కాదు, వెనుక సైలెన్సరు నుంచి నీలంగా వస్తుంది. ఆయిలు లోపలే, పెట్రోలుతోనో డీజిలుతోనో కలిసి కాలుతోందని దాని అర్థం. రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఉంటాయి. బయట కారే ఆయిలుకు, లోపల కాలే ఆయిలుకు తేడా ఇంతే. వెనుక నుంచి నీలం పొగ లేకుండా, గేజి పుల్ల మీద ఆయిలు పెద్దగా తగ్గకుండా ఎవరైనా ఇంజను దించాలంటే, ఎక్కడ తడి ఉందో, ఎందుకు దించాలో చూపించమని అడిగే హక్కు డబ్బు ఇచ్చేవాడికి ఉంది.

బెల్లం పాకం వాసన

వాసన తియ్యగా, పాకం పడుతున్నట్లు వస్తే అది కూలెంటు. రేడియేటరో, గొట్టమో, వాటరు పంపో కారుతోందన్నమాట. వేడి ముల్లు పైకి పోతుంటే వెంటనే పక్కకు ఆపి ఇంజను కట్టేయాలి. రేడియేటరు మూత మాత్రం ముట్టుకోకూడదు. లోపలి నీళ్లు ఒత్తిడిలో ఉండి నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తియ్యగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, గుడ్డ వేసి, మెల్లగా తిప్పాలి.

మన ప్రాంతంలో మరో అలవాటుంది. కూలెంటు ఖరీదని బోరు నీళ్లు పోసేస్తారు. బోరు నీటిలోని ఉప్పు రేడియేటరు సన్న గొట్టాల్లో, కాచే గిన్నె అడుగున పట్టినట్లు తెల్లగా పేరుకుంటుంది. ఒకటి రెండేళ్లు బాగానే ఉంటుంది, ఆ పైన ప్రతి వేసవిలో ఇంజను ఉడుకుతుంది. దారిలో తప్పనిసరై పోసినా, ఊరు చేరాక కడిగించి కూలెంటు పోయించాలి. వాకిట్లో కారిన కూలెంటును నీళ్లతో కడిగేయడం కూడా మరవకూడదు. అది విషం. తియ్యగా ఉండటంతో కుక్కలు, దూడలు నాకుతాయి.

ఘాటు రోడ్ల మీద

మొగిలి ఘాటు, భాకరాపేట ఘాటు, అన్నిటినీ మించి తిరుమల కొండ. ఈ దారుల్లో వచ్చే మాడు వాసన ఇంజనుది కాకపోయినా బండిలో ఉన్నవారికి ఇంజనే కాలుతోందనిపిస్తుంది. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. కొత్త దారిలో ఎక్కి, పాత దారిలో దిగుతారు. ఎక్కేటప్పుడు ముందు బండి ఆగితే వెనుకవాళ్లు చాలామంది బ్రేకు వేయరు. క్లచ్చి సగం తొక్కి, యాక్సిలరేటరు ఇచ్చి బండిని వాలు మీద నిలబెడతారు. ప్లేటు రాసుకుని ఘాటైన వాసన వస్తుంది. అలాంటప్పుడు హ్యాండు బ్రేకు వేసి, క్లచ్చి పూర్తిగా వదిలి, గేరు తీసి నిలవాలి. చల్లారాక వాసన పోతే సరే. నాలుగో గేరులో యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుపు పెరుగుతూ బండి వేగం పెరగకపోతే మాత్రం ప్లేటు అయిపోయినట్లే.

దిగేటప్పుడు పాత డ్రైవర్ల మాట ఒకటుంది: ఎక్కిన గేరులోనే దిగాలి. గేరు తీసి, పెట్రోలు మిగులుతుందని బ్రేకు మీద దిగేవాళ్లకు మిగిలేది ఏమీ లేదు. బ్రేకులు కాగి, లోపలి బ్రేకు ఆయిలు మరిగితే పెడలు నేలకు అంటుకుంటుంది, బండి ఆగదు. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుని ఏళ్లు గడిచేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్పించమనేది అందుకే. చదును రోడ్డు మీద కూడా ఒక చక్రం దగ్గరే వాసన, వేడి ఉంటే అక్కడ బ్రేకు పట్టేసిందని అర్థం. చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి నాలుగు చక్రాల వేడినీ పోల్చి చూడవచ్చు. కాగిన బ్రేకు మీద నీళ్లు కుమ్మరించకూడదు. పగుళ్లు వస్తాయి.

తీగల వాసనతో ఆటలొద్దు

చేపలు మాడినట్లో, ప్లాస్టిక్కు కాలినట్లో కంపు వస్తే ఆలోచించడానికి వ్యవధి లేదు. ఇంజను కట్టేసి దిగాలి. సైలెన్సరుకు అంటుకున్న ప్లాస్టిక్కు సంచి కూడా ఇలాగే కంపు కొడుతుంది నిజమే, కాని ఆ సంగతి కిందికి వంగి చూశాకే చెప్పగలం.

వైరింగు కాలడానికి పాత కార్లలో తరచు కనబడే కారణం ఎక్కువ వెలుతురు ఆశ. కంపెనీ ఇచ్చే హెడ్‌లైటు బల్బు 60 వాట్లది. 12 వోల్టుల బ్యాటరీ మీద రెండు బల్బులకు 10 ఆంపియర్లు ప్రవహిస్తుంది. వాటి స్థానంలో 100 వాట్ల బల్బులు వేస్తే అది దాదాపు 17 ఆంపియర్లవుతుంది. తీగ మాత్రం పాతదే, స్విచ్చీ పాతదే. రిలే వేసి, లావు తీగ లాగకుండా బల్బులు మాత్రం మారిస్తే తొడుగు కరగక ఏమవుతుంది? ఫ్యూజు పోతే లోపల రాగి తీగ చుట్టడం ఇంకా ఘోరం. కొత్త కార్ల ఫ్యూజులకు రంగులున్నాయి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. పోయినది ఏ రంగైతే అదే రంగుది వేయాలి. అదీ వెంటనే పోతే ఎక్కడో తీగ బాడీకి తగులుతోందన్నమాట.

ఆ తీగ తొడుగు ఊడగొట్టింది ఎలుక కావచ్చు. గడ్డివాము పక్కన నాలుగు రోజులు కదలకుండా నిలిపిన కారు బానెట్టు కింద ఎలుక పీచు, గడ్డి తెచ్చి గూడు కడుతుంది. పొగాకు కాడలు పెట్టేవాళ్లు, కలరా ఉండలు వేసేవాళ్లు ఉన్నారు. ఆ ఘాటు కొద్ది రోజులే. వామికి దూరంగా నిలపడం, చాలా రోజుల తరువాత బండి తీసేటప్పుడు బానెట్టు ఎత్తి చూడటం అంతకన్నా నమ్మదగిన మందులు.

రోడ్డు మీద కళ్లం

ఉలవలు, రాగులు నూర్చే రోజుల్లో పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు రోడ్లే కళ్లాలవుతాయి. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని కట్టె మందంగా పరుస్తారు. కారుకు నేల నుంచి ఎత్తు తక్కువ. ఆ కట్టె ముందు చక్రాలను తిప్పే ఇరుసులకు చుట్టుకుని, సైలెన్సరు పైపుకు ఆనుతుంది. ఎండు కట్టె, కాగిన పైపు కలిస్తే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు. కళ్లం లేని రైతును ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు, కాని పలుచగా పరిచి, బండికి ఒక పక్క దారి వదలడం చేతిలో పనే. కారు నడిపేవాళ్లు వీలైతే దాన్ని తప్పించాలి, తప్పకపోతే దాటాక నూరు గజాల దూరంలో ఆగి కిందికి చూసి, చుట్టుకున్నది ఇంజను కట్టేసి, కర్రతో లాగేయాలి. గడ్డి కాలే వాసన వస్తే కట్టె మధ్యలో మాత్రం ఆపకూడదు.

2020 ఏప్రిలు నుంచి అమ్ముతున్న బి.ఎస్.6 డీజిలు కార్లతో ఇంకో జాగ్రత్త. వాటి సైలెన్సరులో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. మసి నిండినప్పుడు దాన్ని అదే కాల్చుకుంటుంది. అప్పుడు లోపలి వేడి ఆరు వందల డిగ్రీల దాకా పోతుంది, వేడి వాసన కూడా వస్తుంది. అది జబ్బు కాదు. కాని ఆ సమయంలో ఎండు గడ్డి మీదో, చెత్త మీదో నిలిపితే కింద అంటుకోవచ్చు.

పొగ కనబడితే

పచ్చి పెట్రోలు వాసన, గ్యాసు బండిలో గ్యాసు వాసన వస్తే స్టార్టు చేయనే కూడదు. నడుస్తుండగా పొగ వస్తే పక్కకు ఆపి, తాళం తిప్పి, ముందు పిల్లల్నీ ముసలివాళ్లనూ దించి దూరంగా పంపాలి. సామాను తరువాత. పొగ వస్తోందని బానెట్టు బార్లా తెరవకూడదు. గాలి తగిలి ఒక్కసారిగా మంట లేస్తుంది. పొడి చిమ్మే చిన్న మంటలార్పే సిలిండరు ఉంటే, బానెట్టు కొక్కెం వదిలినప్పుడు వచ్చే సందులో నుంచే చిమ్మాలి. ఆయిలు, పెట్రోలు మంట మీద బిందెలతో నీళ్లు పోస్తే అది తేలుతూ పక్కకు పాకుతుంది. మట్టి, ఇసుక మేలు. మంట పెద్దదైతే దగ్గరికి పోకుండా అగ్నిమాపక కేంద్రానికి 101 నంబరుకు ఫోను చేయాలి.

మంట ఆరిందని మళ్లీ తాళం తిప్పి చూసేవాళ్లున్నారు. తొడుగు కాలిన తీగలు లోపల ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. బాగా చల్లారాక బ్యాటరీ నల్ల తీగ ఊడదీసి, స్టార్టు చేయకుండా తాడు కట్టి షెడ్డుకు లాక్కుపోవాలి.